అంకమ్మ గైర్హాజరు

రాళ్ళమెట్ట ప్రభుత్వ మహిళా డిగ్రీ కళాశాలలో ఇంగ్లీషు చెప్పే ఎస్తేరు చేసిన తప్పు ఒక్కటే. తనిఖీకి వచ్చిన పెద్ద అధికారి ఒక ప్రశ్న అడిగితే నిజం చెప్పింది.

ఆ కాలేజీలో అంతకు ముందు ఇంగ్లీషు వ్యాసాలంటే రెండే. ఒకటి వేసవి విడిది యాత్ర, రెండోది విమాన ప్రయాణం. రాళ్ళమెట్ట పిల్లల్లో విమానం ఎక్కినవాళ్ళు లేరు. అయినా ఇరవై ఏళ్ళుగా అందరూ కిటికీ పక్క సీటులోనే కూర్చుని, అవే మాటల్లో, అవే మబ్బులు చూస్తున్నారు. ఎస్తేరు వచ్చాక ఆ రెండూ పక్కన పడేసి, "మీ అమ్మ నిన్న ఏం చేసిందో ఐదు వాక్యాలు రాయండి" అంది. నలభై రెండు మందిలో ముప్పై ఆరుగురు ఒకే వాక్యం రాశారు. మా అమ్మ ఇంట్లో ఖాళీగా ఉంటుంది.

"మరి నీ డబ్బాలో అన్నం ఎవరు వండారే?" అని ముందు బెంచీ పిల్లని అడిగింది.

"అమ్మే మేడం."

"ఖాళీగా ఉండే వండిందా?"

ఆ పిల్ల నవ్వింది. కాసేపటికి నవ్వడం మానేసింది. మర్నాటికి ఐదు వాక్యాలు రెండు పేజీలయ్యాయి. తప్పులు బోలెడు. కానీ ఎవరి తప్పులు వాళ్ళవే. పక్కదాన్ని చూసి దింపినవి కావు. ఆ తప్పులు దిద్దుతుంటే ఎస్తేరుకు ప్రాణం లేచొచ్చింది.

సరిగ్గా అప్పుడే అధికారి క్లాసులోకి వచ్చారు. ఒక నోటుపుస్తకం తిరగేశారు.

"బాగుందమ్మా. ఈ పద్ధతికి పేరేమైనా ఉందా?"

"స్త్రీవాద దృక్పథం అంటారు సార్. పేరుదేముంది, అసలు పిల్లలు ఇందులో..."

అధికారి అప్పటికే పేరు రాసుకుని పెన్నుకు మూత పెట్టేశారు. మిగతాది వినలేదు.

ఇరవై రోజుల్లో ఉత్తర్వు దిగింది. "ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, ఇకపై మహిళా కళాశాలలన్నింటిలో ఆంగ్ల బోధన, వ్యాసరచన స్త్రీవాద దృక్పథముతో మాత్రమే జరుపవలెను. విద్యార్థినులు స్వీయానుభవమును స్వీయ స్వరముతో వ్రాయవలెను. ముప్పది అంతర్గత మార్కులు దీనికే కేటాయించడమైనది. అమలును పర్యవేక్షించుటకు ప్రతి కళాశాలలో ఒక కమిటీ వేయవలెను. స్వీయ స్వరము ఎంత శాతము వచ్చినదో ప్రతి నెల ఐదవ తేదీలోగా నిర్ణీత నమూనాలో పంపవలెను."

కమిటీ ఆ పూటే పడింది. అధ్యక్షులు ప్రిన్సిపాల్ పాండురంగారావు గారు. చెప్పేది కెమిస్ట్రీ. సభ్య కార్యదర్శి కామర్స్ కొండారెడ్డి గారు. సభ్యులు ఆటల మాస్టారు బసవపున్నయ్య గారు. ఎస్తేరు ప్రత్యేక ఆహ్వానితురాలు. అంటే ఒక స్టూలు వేస్తారు, ఓటు ఉండదు.

"కమిటీలో ఆడవాళ్ళెవరూ లేరు సార్" అంది ఎస్తేరు.

పాండురంగారావు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ఆలోచించి మాట్లాడబోతున్నారనడానికి అది గుర్తు.

"అమ్మా, ఇది సున్నితమైన విషయం. ఆడవాళ్ళ సంగతి ఆడవాళ్ళే తేలిస్తే రేపు పైవాళ్ళు పక్షపాతం అంటారు. మాకైతే ఇందులో ఏ స్వార్థమూ లేదు."

నమూనాలో సభ్యుల అర్హతలు రాయడానికి ఒక గడి ఉంది. "స్త్రీల విషయములందు అనుభవము" అని దాని పేరు. బసవపున్నయ్య గారు "వివాహమై ఇరవై రెండేళ్ళు" అని రాశారు. కొండారెడ్డి గారు "ముగ్గురు చెల్లెళ్ళు, ఒక అత్తగారు" అని రాశారు. ప్రిన్సిపాల్ గారు చాలాసేపు ఆలోచించి "సుదీర్ఘము" అని రాశారు.

కమిటీ అక్కడితో ఆగి ఉంటే ఎవరికీ నష్టం లేదు. కొండారెడ్డి గారికి సందేహం వచ్చింది.

"స్వీయానుభవం అన్నారు. బాగానే ఉంది. ఆ అనుభవం నిజమో కాదో మనకెలా తెలుస్తుంది? కులానికి సర్టిఫికెట్ ఉంది. నివాసానికి ఉంది. పుట్టినదానికి ఉంది, పోయినదానికి ఉంది. అనుభవానికి ఉండొద్దా?"

బసవపున్నయ్య గారు, "ఇంత చిన్న విషయం పైవాళ్ళకు తట్టలేదు చూశారా" అన్నారు.

అలా అనుభవ ధ్రువీకరణ పత్రం పుట్టింది. "నా కుమార్తె/భార్య అయిన కుమారి/శ్రీమతి ఫలానా వ్రాసిన స్వీయానుభవము నాకు తెలిసినంతవరకు వాస్తవమనియు, ఇందలి స్త్రీ స్వరము ఆమె సొంతమేననియు, సదరు స్వరముపై నాకు ఎట్టి అభ్యంతరము లేదనియు ఇందుమూలముగా ధ్రువీకరించుచున్నాను." కింద సంతకం. సంతకం కింద బ్రాకెట్లో, కుటుంబ యజమాని (పురుషుడు).

వారం తిరక్కుండా వ్యాసాలు ఇళ్ళకు పోయి తిరిగొచ్చాయి. ఎస్తేరు వాటిని చూసి స్టాఫ్ రూములో కూలబడింది. వాళ్ళ ఇంగ్లీషు తప్పులన్నీ అలాగే ఉన్నాయి. మిగతాదే దిద్దారు. ఒక తండ్రి "చేయి చేసుకున్నాడు" అన్న చోట "సలహా ఇచ్చాడు" అని మార్పించాడు. ఇంకో తండ్రి, వ్యాసంలో గేదె పాలు భార్య పితుకుతుందని ఉంటే, గేదె తన పేరు మీద ఉందని అంచున రాయించాడు. ఒక అన్నయ్య చెల్లెలి వ్యాసానికి వ్యతిరేకంగా తనే రెండు పేజీల వ్యాసం రాసి జతపరిచాడు. దానికీ మార్కులు వేయాలా అని కొండారెడ్డి గారు పైకి లేఖ రాశారు.

ఇంట్లో మగవాళ్ళు లేని పిల్లలు ఏడుగురు తేలారు. వాళ్ళ స్వరానికి అభ్యంతరం చెప్పేవాళ్ళు లేరు కాబట్టి అభ్యంతరం లేదని చెప్పేవాళ్ళూ లేకపోయారు. పాపం, గేటు ఎదురుగా ఉన్న దర్జీ మస్తాన్ ఏడుగురికీ సంతకాలు పెట్టాడు. ఒకే చేతిరాత చూసి కమిటీ ఆయన్ని పిలిపించింది.

"ఈ ఏడు కుటుంబాలకూ యజమాని మీరేనా?" అన్నారు ప్రిన్సిపాల్ గారు.

మస్తాన్ మెడలోని టేపు సర్దుకున్నాడు. "జాకెట్లు కుట్టిచ్చానండి. అంతకు మించి ఏ ఇంట్లోనూ నాకు మాట చెల్లదు. మా ఇంట్లోనే చెల్లదు."

కమిటీ చర్చించి ఆయన్ని అధీకృత కుటుంబ యజమానిగా నియమించింది. గుర్తింపు కార్డు కూడా ఇచ్చారు. ఆ కార్డు చూపిస్తే ఆయన భార్య మూడు రోజులు నవ్విందట.

ఇదంతా చూసి ఎస్తేరు కూడా నవ్వుకునేదే. ఒక్క పిల్ల సంగతి లేకపోతే.

ఆ పిల్ల మల్లేశ్వరి. తండ్రి సాంబయ్య మిర్చి కోల్డ్ స్టోరేజీలో బస్తాలు మోస్తాడు. తల్లి అంకమ్మ ఈ కాలేజీ హాస్టల్లోనే వంటపని, వడ్డన, అంట్లు. కాలేజీలో అందరికీ అంకమ్మ చేతి మజ్జిగ తెలుసు, అంకమ్మ తెలియదు. మల్లేశ్వరికి ఇంగ్లీషు ఒక్కటే అడ్డం. ఈసారి గట్టెక్కితే బి.ఇడి.కి వెళుతుంది. తప్పితే రెండోసారి రాయించనని తండ్రి ముందే చెప్పాడు. కోల్డ్ స్టోరేజీ షెడ్డులో ఆడవాళ్ళు వరసగా కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తుంటారు. ఆ వరసలో కూతురికి ఒక పీట అట్టేపెట్టమని మేస్త్రీకి చెప్పి కూడా ఉంచాడు. పరీక్షలో ఎంత రాసినా ఈ ముప్పై మార్కులు సున్నా అయితే మల్లేశ్వరి గట్టెక్కదు.

మల్లేశ్వరి వ్యాసానికి సంతకం రాలేదు.

వ్యాసం పెద్దదేం కాదు. ఎస్తేరు అందులో మూడు మాటలు దిద్దింది, అంతే. "మా అమ్మ రోజూ రెండు వందల మందికి వడ్డిస్తుంది. ఆమె తింటుండగా నేను ఎప్పుడూ చూడలేదు. మా నాన్న అన్నం తిని చెయ్యి చాపుతాడు. నీళ్ళ చెంబు ఆ చేతిలో ఉంటుంది. చెంబు ఎలా వచ్చిందో ఆయన ఎప్పుడూ చూడలేదు. గాలి వచ్చినట్టు వస్తుందనుకుంటాడు."

ఎస్తేరు కోల్డ్ స్టోరేజీకి వెళ్ళింది. మిర్చి ఘాటుకు గేటు దగ్గరే నాలుగు తుమ్ములు వచ్చాయి. సాంబయ్య బస్తా దించి, తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని వచ్చాడు. సంతకం చేయడం వచ్చు, చదవడం రాదు. ఎస్తేరు వ్యాసాన్ని తెలుగులో చెప్పింది. పక్కనున్న హమాలీలు బీడీలు ఆర్పి మరీ విన్నారు.

"నిజమేనా సాంబయ్యా?" అంది చివర్న.

"నిజమేనండి."

"మరి సంతకం పెట్టు."

"అబద్ధమైతే పెడుదును మేడం గారూ. అబద్ధం మీద సంతకం ఎవడు చూస్తాడు. నిజం మీద పెడితే రేపు నా మొహానే చదువుతారు."

"ఇప్పుడు మాత్రం మేం వినలేదా ఏంది?" అన్నాడొక హమాలీ. "చెంబు సాంబయ్య అని రేపట్నించి పిలుస్తాంలే."

"చూశారా?" అన్నాడు సాంబయ్య. "ఇందుకే." బస్తా ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

ఎస్తేరు కమిటీ ముందు స్టూలు మీద కూర్చుంది.

"తల్లి వేలిముద్ర వేస్తానంటోంది సార్."

"కుదరదమ్మా" అన్నారు కొండారెడ్డి గారు. "వ్యాసం ఆమె గురించే కదా. సొంత విషయంలో ఆమె సాక్ష్యం చెల్లదు."

"చాలా వ్యాసాలు తండ్రుల గురించి కూడా ఉన్నాయి. వాళ్ళ సంతకాలు చెల్లాయి కదా?"

"వాళ్ళు కుటుంబ యజమానులు. వాళ్ళకు సొంత విషయం అనేది ఉండదు."

"పోనీ మస్తాన్ గారు పెడతారు సార్. కార్డు కూడా ఉంది."

"ఆయన మగదిక్కు లేని ఇళ్ళకే. ఈ ఇంట్లో యజమాని ఉన్నాడు, అభ్యంతరం కూడా ఉంది."

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీశారు. "మనం మరీ కఠినంగా పోవద్దు. ఆడపిల్ల భవిష్యత్తు. క్షేత్రస్థాయి విచారణ చేయిద్దాం. తల్లి నిజంగా పని చేస్తున్నట్టు రుజువైతే తండ్రి సంతకం మినహాయిద్దాం."

బసవపున్నయ్య గారు విజిల్ మెడలో వేసుకుని విచారణకు వెళ్ళారు. ఆయన నివేదిక ఇది. "పద్నాలుగవ తేదీ ఉదయం పదకొండు గంటలకు సదరు అంకమ్మ గృహమును సందర్శించితిని. తాళము వేసి ఉన్నది. కిటికీ గుండా పరిశీలించగా తోమవలసిన అంట్లు ఏవియు కనబడలేదు. పొయ్యి ఆరిపోయి ఉన్నది. ఇల్లు ఊడ్చి ఉన్నందున ఊడ్చవలసిన పని కూడా లేదు. ఇరుగుపొరుగు వారిని విచారించగా ఆమె పగలు ఇంట్లో ఉండదని తెలిపినారు. కావున సదరు మహిళ ఇంటిపని చేయుచున్నట్లు ఎట్టి ఆధారము లభించలేదు."

"తెల్లవారకముందే అన్నీ చేసి ఇక్కడికి వస్తుంది సార్" అంది ఎస్తేరు.

"అయి ఉండొచ్చు. నేను వెళ్ళింది పదకొండుకి" అన్నారు బసవపున్నయ్య గారు. ఆయన చూడనిది రాసే మనిషి కాదు.

ఇక మిగిలింది ఒక్కటే దారి. అంకమ్మ స్వయంగా కమిటీ ముందు హాజరై వాంగ్మూలం ఇవ్వాలి. నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో ఇంటికి పంపారు. వంటగది ఆఫీసుకు ముప్పై అడుగుల దూరం. కానీ నోటీసు నివాస చిరునామాకే పంపాలి. పోస్టుమాన్ రెండుసార్లు వచ్చి తాళం చూసి వెళ్ళాడు. మూడోసారి అటెండరు వెళ్ళి తలుపుకు అంటించి వచ్చాడు.

ఎస్తేరు వంటగదిలోకి వెళ్ళేసరికి అంకమ్మ పెద్ద డేగిసాలో పప్పు మెదుపుతోంది. తలుపున పీకిన నోటీసు మడతపెట్టి రొంటిన దోపుకుంది.

"నేనేం చేశానమ్మా?" అంది.

"ఏం చేస్తావో వాళ్ళకు చెప్పాలంట అంకమ్మా. పని చేస్తావా లేదా అని."

"ఎవరికి?"

"ప్రిన్సిపాల్ గారికి."

అంకమ్మ పప్పుగుత్తి ఆపింది. "ఆయనకా? రోజూ రెండు గ్లాసుల మజ్జిగ నా చేత్తోనే పోస్తా గదమ్మా. అల్లం ఎక్కువేయమంటాడు. కరేపాకు ఏరేయమంటాడు. ఇన్నేళ్ళ నించి ఏరుతున్నా. అదెవరు ఏరారనుకున్నాడంట?"

"ఆ మాటే చెప్పు. మల్లేశ్వరి పాసవుద్ది."

"చెప్తా. పిలవనీ."

విచారణ పన్నెండున్నరకు పెట్టారు. మహిళా దినోత్సవానికి ఆఫీసు గదికి సున్నం వేస్తున్నారు. అందుకని కమిటీ హాస్టల్ భోజనశాలలో, వెనక బల్ల దగ్గర కూర్చుంది. ఎటూ కూర్చున్నాం కదా అని విస్తళ్ళు కూడా వేయించుకున్నారు. మల్లేశ్వరి గుమ్మం దగ్గర నిలబడింది.

కోర్టులో మాదిరిగానే జరగాలని కొండారెడ్డి గారి పట్టు. అటెండరు బయట మెయిన్ గేటు దగ్గరికి వెళ్ళి, రోడ్డు వైపు తిరిగి, మూడుసార్లు అరిచాడు. "సాక్షి అంకమ్మ. సాక్షి అంకమ్మ. సాక్షి అంకమ్మ." రోడ్డు మీద మేకలు తలెత్తి చూశాయి.

అంకమ్మ అప్పుడు బసవపున్నయ్య గారి విస్తట్లో అన్నం పెడుతోంది. "ఇదుగోనయ్యా, ఇక్కడే ఉన్నా" అంది.

"కాస్త పప్పు" అన్నారు బసవపున్నయ్య గారు.

అటెండరు తిరిగొచ్చి, ఎవరూ రాలేదని చెప్పాడు.

"సార్, ఆమె ఇక్కడే ఉంది" అంది ఎస్తేరు. "మీకు వడ్డిస్తోంది."

ప్రిన్సిపాల్ గారు ముద్ద మింగి, ఎడంచేత్తో కళ్ళజోడు తీశారు.

"ఎస్తేరు గారూ, మీరు ఉద్వేగంతో చూస్తున్నారు. ఈమె ఇప్పుడు డ్యూటీలో ఉంది. డ్యూటీలో ఉన్న మనిషి సాక్షిగా హాజరైతే డ్యూటీకి గైర్హాజరైనట్టు. సాక్షిగా హాజరైన మనిషి డ్యూటీలో ఉండకూడదు. ఒకే మనిషి ఒకే సమయంలో రెండు చోట్ల ఉండటానికి రూలు లేదు."

"అయితే ఐదు నిమిషాలు డ్యూటీ ఆపి చెబుతుంది సార్."

"అప్పుడు వడ్డించేదెవరు?" అన్నారు బసవపున్నయ్య గారు.

అంకమ్మ పప్పు గిన్నె పట్టుకుని ముగ్గురి మొహాలూ చూసింది. "నేను చెప్పొద్దా మరి?"

"నువ్వు రాలేదమ్మా" అన్నారు కొండారెడ్డి గారు, మెత్తగానే. "రసం తీసుకురా."

మల్లేశ్వరి గుమ్మం పట్టుకుని నిలబడే ఉంది. దాని మొహం చూడలేక ఎస్తేరు బల్ల వైపు తిరిగింది. కొండారెడ్డి గారు అన్నం తింటూనే ఎడంచేత్తో మినిట్స్ రాస్తున్నారు. ఎడంచేత్తో కూడా అక్షరం వంకర పోనివ్వని మనిషి.

"గైర్హాజరు అని ఊరికే రాస్తే ఎలా సార్?" అంది ఎస్తేరు. "ఎందుకు రాలేదో కారణం రాయొద్దా?"

కొండారెడ్డి గారు మొదటిసారి ఆమెను మెచ్చుకోలుగా చూశారు. "రాయాలి. కారణం లేని గైర్హాజరు చెల్లదు." వివరంగా రాశారు. ఎవరెవరు ఎక్కడున్నారో, ఏ నిమిషాన ఏం జరిగిందో, ఒక్కటి వదల్లేదు. చేతులు కడుక్కున్నాక ముగ్గురూ సంతకాలు పెట్టారు. గుండ్రటి సీలు పడింది. తీర్మానం ఏమంటే, అనుభవం రుజువు కానందున మల్లేశ్వరి వ్యాసానికి సున్నా. పూర్తి ధ్రువీకరణతో కొత్త వ్యాసం ఇవ్వడానికి దయతో మూడు రోజులు గడువు.

మినిట్స్ నకలు ఒకటి ఎస్తేరుకు ఇచ్చారు. ఆమె స్టాఫ్ రూములో కూర్చుని దాన్ని ఒకసారి చదివింది. మళ్ళీ చదివింది. మూడోసారి చదివి మల్లేశ్వరిని పిలిచింది. ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏడ్చింది చాల్లే. పెన్ను తియ్. ఇది ఇంగ్లీషులో రాయి. ఒక్క మాట కలపొద్దు, ఒక్క మాట తియ్యొద్దు."

"ఇది వాళ్ళు రాసింది కదా మేడం?"

"జరిగింది మీ అమ్మకి. చూసింది నువ్వు. రాయి."

మల్లేశ్వరి రెండు రోజులు కూర్చుని రాసింది. 'సదరు'ను ఇంగ్లీషులో ఏమంటారని ఒకసారి, 'గైర్హాజరు'కు ఇంకాస్త గట్టి మాట లేదా అని ఒకసారి అడిగింది. లేదంది ఎస్తేరు. మూడో రోజు సాయంత్రం నాలుగింటికి వ్యాసం, వెనక మినిట్స్ నకలుతో సహా, కమిటీ బల్ల మీదికి వచ్చింది. శీర్షిక ‘మా అమ్మ ఒక పూట’.

"ధ్రువీకరణ ఉందా?" అన్నారు కొండారెడ్డి గారు.

"ఉంది సార్. మూడు సంతకాలు, సీలు" అంది ఎస్తేరు.

"మగవాళ్ళవేనా?"

"ముగ్గురూ మగవాళ్ళే."

కొండారెడ్డి గారు సంతకాలు చూశారు. మొదటిది తనదే. దానికి వంక పెట్టడానికి లేదు. వ్యాసం చదివారు. నెమ్మదిగా చదివారు. నుదురు చిట్లించారు.

"ఇందులో విద్యార్థిని స్వీయానుభవం ఎక్కడుంది?"

"నాలుగో అంశం సార్. ‘విద్యార్థిని గుమ్మము వద్ద నిలబడి యావత్తు చూచినది.’ మీరే రాశారు."

ఆయన చూసుకున్నారు. రాశారు. ప్రిన్సిపాల్ గారు కూడా చదివి, ఇది సరైంది కాదని చెప్పడానికి కళ్ళజోడు తీశారు. సరైంది కాదంటే మినిట్స్ సరైనవి కావు. మినిట్స్ సరైనవి కాకపోతే సంతకాలు సరైనవి కావు. కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"వాస్తవమేనయ్యా" అన్నారు చివరికి. "మనం చూశాం కదా."

"నాకు పప్పు రెండుసార్లు వేసినట్టు కూడా రాసింది" అన్నారు బసవపున్నయ్య గారు. "పిల్ల నిజాయితీపరురాలు."

ముప్పైకి ఇరవై ఎనిమిది వేశారు. స్త్రీ స్వరం కొంచెం తక్కువైందని రెండు మార్కులు కోశారు.

సాంబయ్యకు ఆ సంగతి అంకమ్మ చెప్పింది. ముగ్గురు పెద్దమనుషులు సంతకాలు పెట్టారా అని రెండుసార్లు అడిగి, మర్నాడు మేస్త్రీ దగ్గరికి వెళ్ళి పీట వద్దని చెప్పొచ్చాడు.

ఎవరూ దిద్దకుండా, మూడు సంతకాలు, సీలు ఉన్న వ్యాసం కాలేజీ మొత్తం మీద అదొక్కటే. అందుకని మహిళా దినోత్సవం నాడు ఉత్తమ వ్యాసంగా దాన్నే చదివించాల్సి వచ్చింది. వేదిక మీద వెనకటి పెద్ద అధికారి, పక్కన కమిటీ. మల్లేశ్వరి మైకు ముందు నిలబడి ముందు ఇంగ్లీషులో చదివింది, తరువాత ముందు వరస పెద్దల కోసం తెలుగులో చెప్పింది.

"పన్నెండు గంటల ముప్పై ఐదు నిమిషాలకు సాక్షిని గేటు వద్ద మూడు పర్యాయములు పిలువడమైనది. సాక్షి రాలేదు. అదే సమయమున సాక్షి అన్నము వడ్డించినది. పన్నెండు నలభై ఐదుకి సాక్షి పప్పు రెండవసారి వేసినది. పన్నెండు యాభై ఐదుకి అధ్యక్షుల వారికి కరివేపాకు తీసిన మజ్జిగ పోసినది. ఒంటిగంట పదికి సాక్షి విస్తళ్ళు ఎత్తి బల్ల తుడిచినది. సదరు అంకమ్మ ఈ పనులలో ఉన్నందున హాజరు కాలేదు. ఆమె పని చేయుచున్నట్లు ఎట్టి ఆధారము లేదు."

వెనక బెంచీల్లో ఒక పిల్ల నవ్వింది. తరువాత హాలంతా నవ్వింది. కాసేపటికి నవ్వు ఆగింది. కమిటీ ముగ్గురూ పూలకుండీ కేసి చూస్తున్నారు. అధికారికి మాత్రం కళ్ళు చెమర్చాయి.

"అద్భుతం" అన్నారు. "ఈ అంకమ్మ అనే ఆవిడ ఎవరో, ఆమెను వేదిక మీదికి పిలవండి. శాలువా నేనే కప్పుతాను."

అటెండరు అలవాటు కొద్దీ గేటు వైపు బయల్దేరాడు. ఎస్తేరు వాడి చెయ్యి పట్టుకుని ఆపి, తనే వంటగదికి వెళ్ళింది. అంకమ్మ పులిహోర కలుపుతోంది. చేతులు పసుపు. ఆ చేతులతోనే వేదిక ఎక్కింది. శాలువా కప్పుతుంటే కూతురి వైపు చూసి, "ఇది ఉతకొచ్చా?" అని అడిగింది.

సభ అయ్యాక అందరూ భోజనశాలకు నడిచారు. అంకమ్మ శాలువా మడత పెట్టి వంటగదిలోకి పోబోయింది. ఎస్తేరు ఆమె రెక్క పట్టుకుని, వెనక బల్ల దగ్గర, మొన్న అధ్యక్షుల వారు కూర్చున్న కుర్చీలో కూర్చోబెట్టింది. విస్తరి వేసింది. మల్లేశ్వరి పులిహోర తెచ్చి పెట్టి, తల్లికి ఎదురుగా కూర్చుంది.

ప్రిన్సిపాల్ గారు అధికారిని వెంటబెట్టుకుని వచ్చారు. వడ్డించేవాళ్ళు లేరు.

"ఎస్తేరు గారూ, ఏమిటిది? అంకమ్మ డ్యూటీ..."

"ఆమె ఈ రోజు సభకు హాజరైంది సార్. హాజరు పుస్తకంలో వేలిముద్ర కూడా పడింది. హాజరైన మనిషి డ్యూటీలో ఉండటానికి రూలు లేదు. మీరే చెప్పారు."

ప్రిన్సిపాల్ గారు కొండారెడ్డి గారి వైపు చూశారు. కొండారెడ్డి గారు ఆ మాట నిజమేనన్నట్టు తలూపారు. మినిట్స్‌లో ఉంది. పెద్దలు తలా ఒక విస్తరి పట్టుకుని, గిన్నెల దగ్గర వంగి, ఏది ఏ గరిటెతో తీయాలో తెలియక తడుముకున్నారు. బసవపున్నయ్య గారు చారు గరిటెతో పులిహోర పెట్టుకున్నారు.

అంకమ్మ ముందు సిగ్గుపడింది. ఒక ముద్ద తింది. ఉప్పు చాలలేదని మొహం పెట్టింది. రెండో ముద్ద నుంచి ఎవర్నీ చూడలేదు. ఆకలిగా, నింపాదిగా, వేళ్ళు నాక్కుంటూ తింది. మల్లేశ్వరి గడ్డం కింద చెయ్యి పెట్టుకుని రెప్ప వేయకుండా చూస్తోంది.

పక్క బల్ల దగ్గర పాండురంగారావు గారు భోజనం ముగించి, అధికారితో ఏదో చెబుతూ, అలవాటు ప్రకారం కుడివైపుకు చెయ్యి చాపారు. చేతిలోకి గ్లాసు రాలేదు. చెయ్యి అలాగే ఉంది. ఆయన తల తిప్పి, ఆ ఖాళీ చేతిని మొదటిసారి చూస్తున్నట్టు చూసుకున్నారు.

అంకమ్మ నోట్లో ముద్ద నమిలి మింగింది.

"మజ్జిగ కుండ ఆ మూలుందయ్యా" అంది. "కరేపాకు ఏరలేదు. ఏరుకోండి."